ఉప్పుమడి పై పలక

అనగనగా సముద్రపు ఒడ్డున, ఉప్పునే పంటగా పండించుకుని బతికే ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలు అనే ఆమెకు ఒకే ఒక్క ఉప్పుమడి ఉండేది. దాని నేలను ఆమె పెనిమిటి తన కాళ్ళతో తొక్కి తొక్కి గట్టిచేశాడు. ఆ తరువాత ఒకనాడు చేపల వేటకు వెళ్ళి, తిరిగి రాలేదు.

ఉప్పు ఎలా పండుతుందో తెలుసా పిల్లలూ? సముద్రపు నీటిని మడిలో పట్టి నిలబెడతారు. ఎండ ఆ నీటిని రోజూ కొంత తాగేస్తుంది. చివరికి అడుగున తెల్లని గింజ కడుతుంది. మడి గట్టుకు ఒక తూము ఉంటుంది. దానికి ఒకదాని మీద ఒకటిగా మూడు చెక్క పలకలు అడ్డం పెడతారు. ఆ పలకలను గుర్తుపెట్టుకోండి.

ఆ ఊరికొక కట్టుబాటు ఉంది. వైశాఖ పున్నమి నాటికి ఎవరి గట్టు మీద మోకాలెత్తు ఉప్పుకుప్ప ఉండదో, వారి మడి వేరొకరికి పోతుంది.

ఆ ఏడు, గింజ కట్టే వేళకు అకాలవాన వచ్చింది. "అయ్యో, నా ఉప్పు!" అంటూ నూకాలు మడిలోకి దూకింది. దొరికినంత ఎత్తుదామని అటూ ఇటూ పరుగులు పెట్టి, నీళ్ళన్నీ కలియదొక్కింది. గింజంతా కరిగిపోయింది.

మళ్ళీ నీరు పట్టింది. మళ్ళీ గింజ కట్టింది. మళ్ళీ వాన వచ్చింది. ఈసారి ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది.

"ఏటి వదినా, మబ్బుకు చెవులుంటాయా?" అని పక్కమడి దాలయ్య నవ్వాడు. ఆమె అతన్నీ తిట్టింది. ఆ కోపంలోనే వెళ్ళి మూడు పలకలూ ఒక్కపెట్టున ఊడబీకింది. వాననీటితో పాటు ఉప్పునీరంతా కాలువ పాలైంది.

పున్నమికి ఇంక ఒక్క పంటకే వ్యవధి ఉంది. నూకాలు గట్టు మీద కూలబడింది. అప్పుడు మడి మూలన ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ పలికింది.

"వాన పడినంతసేపూ నేను నీ మడిలోనే ఉన్నానమ్మా. నా కాలికి పైన చల్లని నీరు తగిలింది, కింద వెచ్చని నీరు తగిలింది. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. కదపకపోతే అవి చప్పున కలవవు. మొదటిసారి నువ్వే కలిపావు. రెండోసారి నువ్వే పారబోశావు."

"దొంగజపం చేసేదానివి, నువ్వా నాకు సుద్దులు చెప్పేది?"

"నా జపం దొంగదే. నా కాళ్ళు అబద్ధమాడవు. సరే, వానను ఆపగలవా?"

"ఎవరి తరం?"

"నీ కాళ్ళను ఆపగలవా?"

నూకాలు లేచి వెళ్ళి, మూడు పలకలూ మళ్ళీ బిగించి, మడికి నీరు పట్టింది. మళ్ళీ గింజ కట్టింది.

పున్నమి నాలుగు రోజులు ఉందనగా మూడో వాన వచ్చింది. జనమంతా మడుల్లోకి ఉరికారు. "వదినా, దిగవేం? గుండె రాయైపోయిందా?" అని దాలయ్య చీలమండ లోతు నీళ్ళలోంచి అరిచాడు. నూకాలు గుండె దడదడలాడుతోంది. కాళ్ళు దిగుదామంటున్నాయి. ఆమె దిగలేదు.

"తొక్కకు దాలయ్యా! బయటికి రా!" అంది అంతే.

వాన వెలిసింది. ఆమె తూము దగ్గర కూర్చుని, పై పలక ఒక్కటే మెల్లగా తీసింది. మడిలో నీరు అద్దంలా నిలిచి, పైపొర మాత్రం జారిపోసాగింది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. చప్పగా ఉంది. ఇంకా పోనిచ్చింది. మళ్ళీ చూసింది. నాలుక చురుక్కుమంది. వెంటనే పలక పెట్టేసింది.

అడుగున గింజ కొంత కరిగింది. మిగిలింది మాత్రం నిలిచింది. దాన్ని గోకి గట్టు మీద కుప్ప పోసింది.

పున్నమినాడు ఊరిపెద్ద గవరయ్య వచ్చి, కుప్ప పక్కన నిలబడ్డాడు. ఆయన తాటిచెట్టంత మనిషి. "మోకాలికి రాలేదే!" అన్నాడు.

"మడి వదినది బాబూ. మోకాలు మీది పెడితే ఎలా?" అన్నాడు దాలయ్య.

గవరయ్య నవ్వి తప్పుకున్నాడు. నూకాలు వచ్చి నిలబడింది. కుప్ప సరిగ్గా ఆమె మోకాలికి తాకింది. మడి ఆమెకే నిలిచింది.

అప్పుడు నూకాలు గట్టు మీద కూర్చుని, పోయిన పెనిమిటిని తలుచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"అంతా దక్కాక ఇప్పుడెందుకు వదినా ఏడుస్తావు?" అన్నాడు దాలయ్య.

"అప్పుడు పనుంది దాలయ్యా," అంది నూకాలు.

వాన మన చేతిలో లేదు, తూము పలక మన చేతిలో ఉంది. కష్టం వచ్చిపడిన వేళ మనసును కలియదొక్కుకోనివారే మిగిలినదాన్ని నిలుపుకుంటారు.