తోడు కావాలండీ

అనగనగా ఒక ఊళ్ళో, అంటే మన ఊళ్ళో కాదులే, ఉత్తరానికి వెళ్ళగా వెళ్ళగా వచ్చే మంచు పట్నంలో, వకుళ అని ఒక అమ్మాయి ఉండేది. ఆసుపత్రిలో కొత్త నర్సు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో నాన్నా. ఆఁ, అక్కడ చలికాలం ఒకసారి వచ్చిందంటే మొండి చుట్టంలా కదలదు. మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. నిద్ర లేచి కిటికీలోంచి చూస్తే తెల్లవారుతోందో పొద్దుగూకుతోందో తెలిసేది కాదు పాపం.

ఆ పిల్లకి పెరుగన్నం లేనిదే ముద్ద దిగదు. కొట్లో పెరుగు తెచ్చి పాలల్లో తోడేసింది. మొదటిరోజు గిన్నెకి శాలువా చుట్టింది. పాలు పాలలాగే ఉన్నాయి. ఆ తర్వాత బియ్యం డబ్బాలో దాచింది. అప్పుడూ అంతే. మూడోరోజు గిన్నెని తన పక్కలోనే పడుకోబెట్టుకుంది. లేచేసరికి పరుపంతా పాలు.

అప్పుడు ఏడుపొచ్చేసింది. 'ఇంకొక్కసారి చూస్తాను. తోడుకుందా సరి, లేదా పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాను' అనుకుంది. పెరుగు కోసం ఉద్యోగం మానేస్తారా అంటావు. చలికి బుర్ర కూడా గడ్డకడుతుందమ్మా. పెరుగొక్కటే కట్టదు.

కింది వాటాలో మాణిక్యాంబగారని ఒక తెలుగావిడ ఒక్కతే ఉంటుందని ఎవరో చెప్పారు. వకుళ వెళ్ళి తలుపు కొట్టింది. మొహమాటపడుతూనే అడిగింది.

"పిన్నిగారూ, కాస్త తోడు కావాలండీ."

ఆవిడ ఎగాదిగా చూసింది. లోపలికి వెళ్ళి, శాలువా కప్పుకుని, దిండు చంకలో పెట్టుకుని వచ్చింది. "పద" అంది.

వకుళకి ఏమీ అర్థం కాలేదు. పెరుగు గిన్నె ఏదీ? దిండెందుకు? అడగలేక వెనకాలే మెట్లెక్కింది.

ఆవిడ కుర్చీలో కూర్చుని, "భయమేస్తోందా?" అంది.

"భయం కాదండీ, పెరుగు."

"పెరుగంటే భయమా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత నవ్వారు చూడు, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"మా ఇంట్లోనూ పెరుగు లేదే. ఒక్కదాన్నే కదా, ఎవరికని తోడెయ్యను?" అంది మాణిక్యాంబగారు. అప్పుడు గోరువెచ్చటి పాలల్లో, తోడుకి బదులు, పచ్చిమిరపకాయ తొడిమలు నాలుగు వేసింది. పెరుగు లేక రొట్టెముక్కలతో కడుపు నింపుకునే వకుళ ఇంట్లో అప్పటిదాకా పొయ్యి సరిగ్గా వెలిగిందే లేదు. ఆ పూట పప్పు ఉడికింది, చారు మరిగింది, వంటిల్లంతా వేడెక్కింది. గిన్నె ఆ పొయ్యి పక్కనే కూర్చుంది.

తెల్లారి మూత తీస్తే గడ్డ పెరుగు. తొడిమలకి పేరుకుందో, వేడికి పేరుకుందో, ఇద్దరి కబుర్లకి పేరుకుందో ఇప్పటికీ వాళ్ళకి తెలియదు. నాకూ తెలియదు. వకుళ పెట్టెని మంచం కిందకి తోసేసింది.

మర్నాడు సాయంత్రం తలుపు చప్పుడైంది. చూస్తే మాణిక్యాంబగారు, చేతిలో ఖాళీ గిన్నె.

"అమ్మాయ్, కాస్త తోడు కావాలే."

ఏ తోడని వకుళ అడగలేదు. గిన్నె అందుకుని తలుపు బార్లా తీసింది.

చలి కొండకి, గిన్నె గట్టుకి,
కథ కంచికి, కన్ను నిద్రకి.