డాక్టర్ ఆకులెక్క

ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పైడిరాజు, ముత్యాలు అని ఇద్దరు అన్నదమ్ములుండేవారు. తమ బుర్రలు మహా గట్టివని వాళ్ళ నమ్మకం. గట్టివే పాపం, ఏదీ లోపలికి దిగేది కాదు.

పైడిరాజు ఏడేళ్ళుగా వరి ఆకుల మీద మచ్చలు లెక్కపెడుతూ పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఈ ఏడూ అవ్వకపోతే ఇంటికి పంపేస్తామన్నారు. అదృష్టంకొద్దీ మచ్చలు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి ఊరికే దొరికింది. దాని పేరు ఆకులెక్క. తెరవగానే ఒక మాట కనబడింది: "ఎవరైనా వాడుకోండి. వాడినప్పుడు మా పేరు చెప్పండి, చాలు."

"చెప్పకపోతే దొంగతనమే కదట్రా తమ్ముడూ!" అన్నాడు పైడిరాజు.

అంతే. ఆకు పెట్టడం, ఇద్దరూ లేచి చేతులు కట్టుకుని "ఆకులెక్క, మూడో వెర్షన్!" అని అరవడం. అలా నలభై వేల ఆకులు! పక్క ల్యాబువాళ్ళు సామాను సర్దుకుని పై అంతస్తుకి పారిపోయారు.

"కొందరుంటారు, పేరు చెప్పకుండా వాడేసుకుంటారు, సిగ్గులేనోళ్ళు," అన్నాడు పైడిరాజు, బొంగురుపోయిన గొంతుతో.

తీరా చూస్తే థీసిస్ తిరిగొచ్చింది. సాఫ్ట్‌వేర్ పేరు ఎక్కడా లేదట. గైడు విశాలాక్షి మేడం మండిపడింది.

"నోటితో కాదయ్యా! వాడినవన్నీ పుస్తకం చివర రాయాలి!"

ఇంకేముంది, రాశారు. స్టూలు, ఒక కాలు కుంటి. ఫ్యాను, మూడు రెక్కలు. అప్పన్న క్యాంటీన్ టీ, పంచదార ఎక్కువ. ముత్యాలు చెప్పులు, రెండో వెర్షన్, మొదటివి తెగిపోయాయి గనక. మొత్తం అరవై పేజీలు.

"ఇందులో ఆకులెక్క ఏదయ్యా?"

"నలభై వేలసార్లు చెప్పాం కదండీ మేడం. మళ్ళీ రాస్తే సతాయించినట్టుంటుందని వదిలేశాం."

మేడం తల పట్టుకుంది. "స్టూలు లెక్కపెట్టిందా మచ్చల్ని? అసలు పని ఎవరు చేశారో వాళ్ళ పేరు ఉండాలి! రేపే ఆఖరి రోజు, వెళ్ళండి!"

ముత్యాలు వేళ్ళు మడిచాడు. "లెక్కలు చేసింది అది. పట్టికలు గీసింది అది. మనం ఏం చేశాం అన్నా?"

"అరిచాం," అన్నాడు పైడిరాజు నిజాయితీగా. అట్ట మీద తన పేరు కొట్టేసి, ఆకులెక్క అని రాసి ఇచ్చేశాడు.

ఆఫీసువాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? పుస్తకం తెరవకుండా, లావు చూసి ముద్ర కొట్టేశారు. నెల తిరక్కుండా పట్టా వచ్చింది, డాక్టర్ ఆకులెక్క పేరు మీద. అన్నదమ్ములు కంప్యూటరుకి శాలువా కప్పారు, దండ వేశారు.

"మరి నీ పీహెచ్‌డీ అన్నా?"

"మళ్ళీ మొదలెడతా. ల్యాబులోనే డాక్టరుగారిని పెట్టుకుని ఇంకో గైడెందుకు?"

అంతే. కొత్త దరఖాస్తులో గైడు పేరు ఆకులెక్క అని నింపాడు. తెర ముందు కాగితం, పెన్నూ పెట్టాడు. మూడు రోజులుగా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు, డాక్టరుగారు సంతకం పెడతారని.