గొట్టంలోంచి పోయిన ఊపిరి

శిష్యులెవరైనా ప్రశ్న వేస్తే ఆచార్య పరాంకుశం గారు అక్కడికక్కడ జవాబు చెప్పేవారు కాదు. "రేపు నాతో రా" అనేవారు. అలా వెంట వెళ్ళినవాళ్ళలో కొందరికి జవాబు దొరికేది. స్వరూపకు దొరికిందో లేదో నేను చెప్పలేను.

ఆమె ఆయన దగ్గర పరిశోధన చేస్తుండేది. మెథనాల్ అనే ఇంధనాన్ని ఏ దారిలో తయారుచేస్తే ఎంత శక్తి ఖర్చవుతుంది, ఎంత ధర పడుతుంది అన్నది ఆమె విషయం. బొగ్గుతో చేస్తే చౌక, కానీ పొగ ఎక్కువ. సహజవాయువుతో చేస్తే శక్తి తక్కువ పడుతుంది, కానీ ఆ వాయువు ఓడల మీద రావాలి. మూడోది కొత్త పద్ధతి. నీటిని కరెంటుతో విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను పొగగొట్టాల్లోని బొగ్గుపులుసు వాయువుతో కలుపుతారు. శుభ్రమైనదే, కానీ కరెంటును తెగ తాగుతుంది.

"మూడింటిలో ఏది మేలని రాయాలి సార్?" అని అడిగింది స్వరూప.

"రేపు నాతో రా" అన్నారాయన.

గోదావరి ఒడ్డున ఒక బొగ్గుగనుల ఊరికి వెళ్ళారు. మూడో పద్ధతి ప్లాంటును అక్కడ ప్రయోగంగా నడుపుతున్నారు. దారిలో ఆచార్యులు కార్మికుల కాలనీలో ఓదెలు అనే పాత గని కార్మికుడి ఇంటి దగ్గర ఆగారు. వయసులో ఉన్నప్పుడు ఆచార్యులను చెయ్యి పట్టుకుని మొదటిసారి గనిలోకి దించింది ఈ ఓదెలే. ఇప్పుడతని ఊపిరితిత్తులు బొగ్గుధూళితో గట్టిపడిపోయాయి. గాలిలోంచి ప్రాణవాయువును తీసి ఇచ్చే యంత్రం మంచం పక్కన ఉంది. దాని గొట్టం ముక్కుకు తగిలించుకుని, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, నవ్వుతూనే పలకరించాడు.

అంతలో కరెంటు పోయింది. యంత్రం ఆగింది.

అతని భార్య లచ్చవ్వ అలవాటైన చేతులతో గొట్టం విప్పి, మూలనున్న సిలిండర్‌కు తగిలించింది. అందులోనూ ప్రాణవాయువు అడుగంటింది.

"నిన్న గిట్లనే పోతే గీ సిలిండరే పెట్టిన సారూ. కొత్తది ఇంకా రాలే. ఆ నీళ్ళ కంపెనీ నడిచినప్పుడల్లా మాకు బందే" అంది.

నీటిని విడగొట్టే ప్లాంటుకు కాలనీవాళ్ళు పెట్టుకున్న పేరది. ఆచార్యులు అంబులెన్సుకు ఫోను చేస్తూ స్వరూపతో, "పరుగెత్తమ్మా. కాసేపు ఆపమని చెప్పు" అన్నారు.

ప్లాంటులో ఇంజనీరు ఫణీంద్ర ఆమె మాట విని పాలిపోయాడు. "మధ్యలో ఆపితే ఇన్నాళ్ళ కొలతలూ పాడవుతాయి మేడమ్. మీకు పంపాల్సిన లెక్కలే అవి. పైవాళ్ళను ఒక్కమాట అడుగుతాను" అని ఫోను అందుకున్నాడు. అవతల ఎవరూ ఎత్తలేదు.

తలపైన ఒక గొట్టం ఎడతెగకుండా బుసకొడుతోంది. అదేమిటని అడిగింది స్వరూప.

"ఆక్సిజన్. నీళ్ళు విడిపోయినప్పుడు వస్తుంది. మనకు పనికిరాదు కాబట్టి గాల్లోకి వదిలేస్తాం."

"ఒక్క సిలిండర్ నింపి ఇవ్వండి."

"నింపే ఏర్పాటు లేదు మేడమ్. శుభ్రం చెయ్యాలి, ఒత్తిడి పెంచాలి. ఖర్చు పెరుగుతుందని మొదట్లోనే తీసేశారు."

స్వరూప తన లెక్కల్లోనూ ఆ వాయువుకు ఎదురుగా ఎప్పుడో సున్నా వేసి ఉంచింది.

ఫణీంద్ర ఫోను బల్లమీద పెట్టేసి, ఎవరి అనుమతీ లేకుండానే ప్లాంటును ఆపాడు. కానీ అలాంటివి దీపం ఆర్పినట్టు ఆగవు. ఒక్కో వాల్వూ వరసగా మూసుకుంటూ రావాలి. బుస పూర్తిగా ఆగేసరికి చాలాసేపయింది.

స్వరూప తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. యంత్రం నిలకడగా పనిచేస్తోంది. లచ్చవ్వ గొట్టాన్ని మొగుడి ముక్కుకు అదిమిపట్టుకుని, "కరెంటొచ్చింది. జర పీల్చుకో" అంటోంది. ఆచార్యులు మంచం కాళ్ళవైపు నేలమీద కూర్చుని ఉన్నారు. లచ్చవ్వను చెయ్యి తియ్యమని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అంబులెన్సు వచ్చింది. అందులోవాళ్ళు చూసి, తలలు వంచుకుని వెళ్ళిపోయారు.

దహనం అయ్యాక నది గట్టు మీద నడుస్తూ స్వరూప అంది. "బొగ్గు ఆయన ఊపిరితిత్తులు తినేసింది. బొగ్గు వద్దనుకుని మనం తెచ్చింది ఆ మిగిలిన కాస్త ఊపిరీ తీసుకుంది. ఈయన్ని నేను ఏ పద్ధతి ఖర్చు కింద రాయాలి సార్?"

"దేని కింద రాసినా ఒకటేనమ్మా" అన్నారు ఆచార్యులు. "ఖర్చును టన్నుకు ఇంత అని పంచేసరికి ఓదెలు కనపడడు."