తిరుపాలయ్య పేరు పక్కన గీత

నజీర్ ఎటూ తేల్చుకోలేక మాస్టారి దగ్గరికి వచ్చాడు.

పలకల గనుల్లో రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన మనుషుల మీద అతనొక డాక్యుమెంటరీ తీశాడు. దాన్ని ఒక చిన్న ఫెస్టివల్ తీసుకుంటానంది. విదేశంలోని పెద్ద ఫెస్టివల్ ఇంకా ఏ మాటా చెప్పలేదు. ఆ పెద్ద ఫెస్టివల్ వాళ్ళకు అంతకుముందు ఎక్కడా ఆడని సినిమానే కావాలి. చిన్నదానికి ఒప్పుకుంటే పెద్దది పోతుంది. కాదంటే రెండూ పోవచ్చు.

పరాంకుశం మాస్టారు ముసలి ఎడిటర్. నజీర్‌కు పని నేర్పింది ఆయనే. శిష్యుడు ప్లానంతా చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నారు. ముందు పెద్ద ఫెస్టివల్, తర్వాత అవార్డు, ఆ పేరు చూపించి ఓటీటీకి అమ్మకం, అన్నీ అయ్యాక గనుల ఊళ్ళో ప్రదర్శన. ఇలాంటి ప్లాన్లు వినడానికి ఎప్పుడూ బాగానే ఉంటాయి.

"తిరుపాలయ్య చూశాడా?" అని అడిగారు మాస్టారు.

ఆ సినిమాకు ప్రాణం గని కార్మికుడు తిరుపాలయ్యే. మంచం మీదనుంచి ఫోన్ చేసి, తన బొమ్మ తనకొకసారి చూపించమని అడుగుతూనే ఉన్నాడు. నజీర్ ఆగమంటూనే ఉన్నాడు. ఇంట్లో చూపిస్తే అది ప్రదర్శన కిందికి రాదని అతనికీ తెలుసు. కానీ ఎవరైనా ఫోన్‌లో తీసి బయటపెడితే ఇన్నేళ్ళ కష్టం బూడిదపాలవుతుందని భయం.

మాస్టారు కంప్యూటర్ ముందుకు జరిగి సినిమా చివరికి వెళ్ళారు. నల్లటి తెర మీద తిరుపాలయ్య పేరు కొట్టారు. పక్కన పుట్టిన సంవత్సరం, దాని పక్కన ఒక గీత. తర్వాత కీబోర్డును శిష్యుడి వైపు జరిపారు.

"నీ వరసలో ఆయన ఊరు అన్నిటికన్నా చివర. అప్పటికి ఈ గీత పక్కన ఇంకో సంవత్సరం పడుతుంది. ఇప్పుడే వేసెయ్, మళ్ళీ పని పెట్టుకోవడమెందుకు?"

నజీర్ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. లేచి, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

తిరుపాలయ్య ఇంటి ముందు షామియానా ఇంకా విప్పలేదు. ఆయన్ను ముందురోజే మట్టిలో పెట్టారు. సినిమా పనిలో ఉన్న అబ్బాయిని కదిలించవద్దని ఆయనే చెప్పాడట, అందుకే కబురు పెట్టలేదని భార్య ఓబులమ్మ చెప్పింది. ఆ మాట నిష్ఠూరంగా కూడా అనలేదు. అని ఉంటే నజీర్‌కు కొంత తేలికగా ఉండేది.

సినిమా చూస్తానందామె. నజీర్ ల్యాప్‌టాప్‌ను ఒక స్టూలు మీద పెట్టాడు. అందులో తిరుపాలయ్య పలక కోస్తూ, నవ్వుతూ ఏదో చెప్పబోయాడు. దగ్గు వచ్చింది. ఎంతకీ ఆగలేదు.

ఓబులమ్మ గబుక్కున లేచి లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. స్టూలు దాకా వచ్చి ఆగిపోయింది.

నజీర్ సౌండు తగ్గించబోయాడు.

"ఉండనీ నాయనా," అందామె, గ్లాసు పట్టుకునే కూర్చుంటూ. "ఆ దగ్గు వినపడక రాత్రంతా నిద్ర పట్టలేదు."