మూడు రాళ్ళ అన్నపూర్ణమ్మకు అంబలి నైవేద్యం

మొంబాసా నుంచి నైరోబీ వెళ్ళే పాత రైలు దారి పక్కన, కంబా ప్రజలు నివసించే మెట్ట ప్రాంతంలో మఫీగా అనే చిన్న ఊరున్నది. మటాటు అని పిలిచే వ్యాను దిగి, ఎర్రమట్టి బాట వెంట పది నిమిషాలు నడిస్తే గుడి వస్తుంది. గోపురం కోసం తల పైకెత్తి వెతకవద్దు, అది లేదు. రేకుల కప్పు, సున్నం కొట్టిన గోడలు, లోపల పొగచూరిన మూడు పొయ్యిరాళ్ళు, వాటి నడుమ బెత్తెడు ఎత్తున కంచు అన్నపూర్ణమ్మ. స్వాహిలీ భాషలో మఫీగా అంటే పొయ్యిరాళ్ళే. ఊరికి ఆ పేరు వీటి వల్లనే వచ్చింది.

మన గుళ్ళలో కాళ్ళు కడుక్కుని లోపలికి వెళతాం. ఇక్కడ గడప దగ్గరే ఒక స్త్రీ చెంబుతో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి మీ చేతుల మీద పోస్తుంది. అన్నం ముందు కూర్చోబోయే అతిథికి ఈ దేశపు ఇళ్ళలో జరిగే మర్యాద అది. ఆ వెంటనే విస్తరి వస్తుంది. ఉగాలి, అంటే మొక్కజొన్న పిండితో మన సంకటిలా గట్టిగా కెలికిన ముద్ద. పక్కన తోటకూర వేపుడు, మొక్కజొన్న గింజలూ అలసందలూ కలిపి మెత్తగా ఉడికించిన ఇస్యో. చెంచా అడిగితే ఎవరూ తేరు. ముద్ద చేసుకుని, బొటనవేలితో చిన్న గుంట నొక్కి, ఆ గుంటతోనే కూర అందుకోవాలి. రాయలసీమ నుంచి వచ్చినవారికి ఈ విద్య ఎవరూ నేర్పనక్కరలేదు. కోస్తా వారు మొదటి రోజు కొంచెం తడబడతారు, రెండో రోజు మారు అడుగుతారు.

గుమ్మం పైన ఒక పలక మీద తెలుగులోనూ కంబా భాషలోనూ ఒకే నియమం రాసి ఉంటుంది. "ఇక్కడ ‘ఇప్పుడే తిని వచ్చాం’ అనరాదు." దాన్ని చూసి నవ్వుకుని ఫోటో తీసుకునే భక్తులు చాలామంది. ఆ నవ్వు వెనుక ఒక పసిబిడ్డ ప్రాణం ఉన్నదని తెలియజేయడానికే ఈ చిన్న పుస్తకం.

పూర్వం ఇక్కడ, రైలు దారి కొత్తగా పడుతున్న రోజుల్లో, విజయనగరం ప్రాంతం నుంచి అప్పలనరసయ్య అనే కమ్మరి పనివాడు భార్య పేరిందేవమ్మతో వచ్చి కాపురం పెట్టాడు. పేరిందేవమ్మ పుట్టింటివారు మెట్ట రైతులు. చోళ్ళ అంబలి, అంటే రాగి అంబలి, తాగి పెరిగిన పిల్ల. మెట్టినింట వరి అన్నం వండేవారు. అక్కడ తోడికోడళ్ళు ఆమెను పేరు పెట్టి పిలవలేదు, అంబలిపిల్ల అన్నారు. ఏడేళ్ళు అన్నారు. ఓడ ఎక్కే రోజున అత్తగారు కంచు అన్నపూర్ణను చేతిలో పెట్టి, "అమ్మకు వరి అన్నం నైవేద్యం పెట్టకుండా నువ్వు నోట ముద్ద పెట్టుకోకు" అని మాట తీసుకున్నారు. పేరిందేవమ్మ ఆ మాటను భక్తితో ఎంత పట్టుకున్నదో, పట్టుదలతో అంతకన్నా ఎక్కువ పట్టుకున్నది. ఆడదాని పంతం ఇనుము వంటిదని సామెతలా అంటారు గాని, ఇనుమైతే ఆమె మొగుడే వంచేవాడు.

వచ్చిన రెండో ఏట వానలు ఎగ్గొట్టాయి. మేత లేక ఎడ్లు చచ్చిపోయాయి, బియ్యం మోసుకొచ్చే బళ్ళు ఆగిపోయాయి. అప్పలనరసయ్య పని మీద దూరపు శిబిరంలో ఉన్నాడు. ఇంట్లో పేరిందేవమ్మ, ఆమె చంకలో రెండు నెలల ఆడబిడ్డ, డబ్బా అడుగున కొద్దిగా బియ్యం. ఆమె రోజుకు ఒక్క గుప్పెడు వండి, అమ్మకు చూపించి, అదే తిని ఉండేది. గుప్పెడు మెతుకులతో బాలింతకు పాలెక్కడి నుంచి వస్తాయి? బిడ్డ ఏడుపు రోజురోజుకూ సన్నబడింది.

పక్క గుడిసెలో ముంబువా అనే కంబా స్త్రీ ఉండేది. వానలో పుట్టిన ఆడపిల్లకు వారు పెట్టుకునే పేరు అది. బాలింత ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అంబలి మోయడం వారి ఆచారం. ఆకలిగా ఉన్నదా అని అడగరు, తెచ్చి పెడతారు. చోళ్ళ పిండిని పులియబెట్టి కాచిన ఆ అంబలిని ఉజి అంటారు. ముంబువా రోజూ ఉదయం సొరబుర్ర నిండా ఉజి తెచ్చేది. పేరిందేవమ్మ మొదటి రోజున, "ఇప్పుడే తిన్నాను" అని చెప్పి చూసింది. ముంబువా నవ్వి బుర్రను గడపలో పెట్టి వెళ్ళిపోయింది. మరునాడు మళ్ళీ తెచ్చింది. కాదంటే మనసు కష్టపెట్టుకుంటుందని పేరిందేవమ్మ రెండు చేతులా అందుకునేది, దండం పెట్టేది, ఆమె అటు వెళ్ళగానే ఇంటి వెనుక గోడ వారన పారబోసేది. ఇలా నెల రోజులు జరిగింది.

చివరికి బియ్యం పూర్తిగా అయిపోయాయి. మూడు రోజులు ఖాళీ గిన్నె అమ్మ ముందు పెట్టి పేరిందేవమ్మ పస్తున్నది. మూడో రోజున బిడ్డ ఏడవడం మానేసింది. ఆ మధ్యాహ్నం ఆమె గోడకు చేరగిలబడి సొమ్మసిల్లినప్పుడు కలలో అమ్మ కనిపించింది. అమ్మ గూటిలో లేదు. ఇంటి వెనుక నేల మీద కూర్చుని ఉన్నది. "నీ ఇంట నైవేద్యం ఆగి మూడు రోజులైందని ఏడుస్తున్నావు. నాకు ఒక పొయ్యి నుంచి నెల రోజులుగా రోజూ వస్తున్నది. పారబోస్తున్నది నువ్వే. లేచి చూసుకో" అన్నది.

పేరిందేవమ్మ గోడ పట్టుకుంటూ వెనక్కి వెళ్ళింది. చుట్టుపక్కల ఆకు అన్నది లేని కరువులో, ఆ గోడ వారన జానెడు ఎత్తున తోటకూర పచ్చగా లేచి ఉన్నది. నెల రోజుల తడి నేలలోని విత్తనాలను బతికించింది. ఆ మడి పక్కనే, బిడ్డ ఏడుపు వినబడక చూడవచ్చిన ముంబువా, చేతిలో సొరబుర్రతో నిలబడి ఉన్నది. ఆమె వంగి మట్టి చిటికెడు తీసి వాసన చూసింది. పులిసిన అంబలి వాసన.

"దాదా," అన్నది ముంబువా. వారి మాటల్లో తోబుట్టువును అలా పిలుస్తారు. "మా చిన్నవాడు ఈ బుర్ర అడుగు నాకడానికి రోజూ ఏడుస్తాడు. వాడిని కసిరి నీకు తెచ్చాను."

పేరిందేవమ్మ అక్కడే కూలబడింది. "తప్పయిపోనాది అక్కా. ఇది నాకు తెలవని తిండి గాదు. మాయమ్మ కాసిన చోడంబలే ఇది. మొదటి దినమే వాసన పట్టినాను. తెలిసే పారబోసినాను. మల్లీ అంబలిపిల్లనయిపోతానని బయపడినాను." ఏడాదిలో నేర్చిన నాలుగు స్వాహిలీ ముక్కలూ, మిగతా అంతా తెలుగే. ముంబువాకు ఎంత అర్థమైందో మనకు తెలియదు, కావలసినంత అర్థమైంది.

ముంబువాకు కోపం రాలేదని మా గుడి కమిటీ వారు రాయమన్నారు. నేను రాయను. పిల్లల నోటి దగ్గరి తిండి నేలపాలైతే ఏ తల్లికైనా కోపం వస్తుంది. ఆమెకూ వచ్చింది. కాని లోపల ఒక బిడ్డ ఏడవకుండా పడి ఉన్నది. అందుకని ముంబువా కొంగు నడుముకు బిగించి మడిలోకి వంగింది. "ఏడవడానికైనా కడుపులో ఏదో ఉండాలి, దాదా. ముందు ఆకు కోయి" అన్నది.

ఇద్దరూ ముంబువా గుడిసెకు వెళ్ళారు. పేరిందేవమ్మ ఒక భుజాన బిడ్డను, కొంగున అమ్మను తీసుకువెళ్ళింది. మూడు రాళ్ళ మీద కుండ ఎక్కింది. ఎసరు మరిగాక పేరిందేవమ్మ తనంతట తానే తెడ్డు అందుకుని కలిపింది. ఎనిమిదేళ్ళకు పైగా మానేసిన పని, చేయి మరిచిపోలేదు. కాగిన ఉజిని సగం కోసిన సొరబుర్రలో పోసి ఆమె అమ్మ ముందు పెట్టబోతే ముంబువా అడ్డుపడింది. పాలిచ్చే తల్లే ముందు తాగాలి, అది మా కట్టుబాటు అన్నది. అమ్మకు పెట్టకుండా తాగను అన్నది పేరిందేవమ్మ.

"మీ అమ్మకు పిల్లలున్నారా?" అని అడిగింది ముంబువా.

"లోకమంతా ఆవిడ పిల్లలే."

"అయితే ఆమే ముందు తాగాలి. పాపం, ఎంతమందికని ఇస్తుంది" అన్నది ముంబువా, బుర్రను తన చేత్తోనే అమ్మ ముందు పెట్టి.

అది ఈ క్షేత్రంలో తొలి నైవేద్యం. తరువాత బాలింత తాగింది, తరువాత ముంబువా పిల్లలు తోటకూరతో ఉగాలి తిన్నారు, చిన్నవాడు బుర్ర అడుగు తృప్తిగా నాకాడు. రెండో రోజుకు పేరిందేవమ్మకు పాలు పడ్డాయి. మూడో రోజుకు బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది, ఆ ఏడుపు విని ఇద్దరు తల్లులూ నవ్వారు.

పక్షం తరువాత అప్పలనరసయ్య బియ్యం మూటతో వచ్చాడు. అమ్మను ఇంటికి తీసుకుపోదామని, ఆ రోజు వంటయ్యాక పేరిందేవమ్మ కూర్చోబెట్టిన రాళ్ళ మధ్య నుంచి ఎత్తబోతే విగ్రహం కదలలేదు. సమ్మెట ఎత్తే చేతులకు లొంగలేదు. నేను కుర్రతనంలో అభిషేకం నాడు తూచి చూశాను, కిలోన్నర కూడా లేదు. కాబట్టి అమ్మకు అక్కడ వెచ్చగా ఉన్నదనే అనుకోవాలి. ఆ గుడిసె ఉన్న చోటే నేటి గుడి. ఆ నెలలోనే వాన కురిసింది. అమ్మ మహిమ అనేవారు అంటారు, రావలసిన కాలానికి వచ్చింది అనేవారు అంటారు, ఇద్దరూ తడిశారు.

నేటికీ ఈ గుడికి సొంత వంటశాల లేదు. ప్రతి ఉదయం ముంబువా వంశం వారి ఇంటి నుంచి సొరబుర్రలో ఉజి వస్తుంది. మధ్యాహ్నపు వంట ఊళ్ళో ఒక్కొక్క రోజు ఒక్కొక్క పొయ్యి నుంచి వస్తుంది. ఎవరింటిదని పూజారి అడగకూడదు. మీ చేతులు కడిగిన నీళ్ళు కాలువగుండా గుడి వెనుక తోటకూర మడికి చేరతాయి, ఎంత ఎండలోనూ ఆ మడి ఎండదు. నివేదన అయిన ఉజిలో మొదటి బుర్ర పాలిచ్చే తల్లులకు ఇస్తారు. అది తాగిన వారి బిడ్డలకు పాలకు లోటుండదని ఇక్కడివారి నమ్మకం.

ఆ బిడ్డకు పేరిందేవమ్మ ముంబువా అనే పేరు పెట్టుకున్నది. విజయనగరంలో బంధువులు ఆ పేరు పలకలేక చాలా అవస్థపడ్డారు. ఆమె ఎనభై మూడేళ్ళు బతికి, ఇదే గడపలో వచ్చినవారి చేతుల మీద నీళ్ళు పోసింది. ఆమె మా అమ్మమ్మ. ఆ రోజు పక్కింటి అంబలి తాగి ఉండకపోతే ఈ పుస్తకం రాయడానికి నేను లేను. కనుక భక్తులారా, చేతులు చాపండి. తిని వచ్చినా సరే, కూర్చోండి.