మూడు పిలుపుల దస్తగిరి

ఇమాంబమ్మ పాట కంప్యూటర్లో నిద్రపోయింది. లేవడం లేదు.

దర్గాలో తత్వాలు పాడే ఇమాంబమ్మ గొంతును రికార్డు చేసింది దస్తగిరి. అక్కడి గురువు ఖాజా తాతకు శిష్యుడు. కంప్యూటర్ తెలిసినవాడినని కాస్త గర్వం. పాట అయ్యాక భద్రం చెయ్యరా అని తాత అంటే నవ్వాడు.

"హైబర్నేట్‌లో పెట్టినా తాతా, అంటే నిద్రపుచ్చినా. కరెంటు పోయినా ఉన్నది ఉన్నట్టే ఉంటాది. మనుషులే నిద్ర లేస్తే మరిచిపోతారు."

మరుసటి రోజే ఇమాంబమ్మను ఆస్పత్రికి తీసుకుపోయారు. గొంతులో గడ్డ. ప్రాణం దక్కింది. గొంతు దక్కలేదు.

ఇప్పుడు ఆమె దర్గాలో కంప్యూటర్ ముందు కూర్చుంది, మెడకు తెల్ల గుడ్డతో. పక్కన కూతురు మహబూబీ.

దస్తగిరి బటన్ నొక్కాడు. దీపం వెలిగింది, లోపల ఫ్యాను గుర్రుమంది. తెర మాత్రం నలుపే. మళ్ళీ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. కాసేపటికి ఫ్యాను ఆగి దీపం ఆరింది. పొద్దుటి నుంచి ఇదే వరస.

"బాగా నిద్రపుచ్చినావులే అన్నా" అంది మహబూబీ. "ఆస్పత్రిలో మాయమ్మకు ఇందులో సగం పట్టింటే చాలు."

దస్తగిరి టౌనులో మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

"బటన్ అట్నే నొక్కిపట్టు. పూర్తిగా ఆరిపోతాది. మళ్ళా మొదటి నుంచి ఆన్ చెయ్."

"లోపల పాట ఉంది. సేవ్ చెయ్యలా."

"అయితే పోయినట్టే."

అందరూ విన్నారు. ఇమాంబమ్మ కానివ్వమన్నట్టు తలూపింది. దస్తగిరికి చెయ్యి రాలేదు.

గోడవార అంబలి గిన్నెతో కూర్చున్న తాత అడిగాడు. "మూడుసార్లు ఎందుకురా నొక్కేది?"

"ఒక్కసారి పిలిచేది దయ్యం కదా తాతా. మూడుసార్లు పిలిస్తేనే మనిషి. చిన్నప్పటి నుంచి చేతికి అదే అలవాటు."

"నొక్కు."

దస్తగిరి నొక్కాడు. వేలు తీసీ తీయకముందే, తాత లేచొచ్చి అంచుదాకా నిండిన ఆ గిన్నె అతని రెండు చేతుల్లో పెట్టాడు.

"ఒక్క చుక్క ఒలికితే ఊరుకోను."

ఫ్యాను గుర్రుమంది. తెర నలుపు. దస్తగిరి వేలు గిన్నె అంచునే బటన్‌లా నొక్కింది.

"తాతా, ఇది దించనీ."

"పట్టుకో."

మహబూబీ లేవబోయింది. తాత చూపుతోనే కూర్చోబెట్టాడు. ఫ్యాను చాలాసేపు తిరిగింది.

తెర తెల్లబడింది. ఆపిన చోటే, ఆపినట్టే, పాట.

"ముందు సేవ్, మహబూబీ! ఆ నీలం గుర్తు మీద నొక్కు" అన్నాడు దస్తగిరి, గిన్నె కదలకుండా. ఆగి, మెల్లగా అన్నాడు. "ఒక్కసారే తల్లీ."

తర్వాత పాట పెట్టారు. దర్గా అంతా నిండింది ఆ గొంతు. నమాజుకు ముందు వజూ చేసుకుంటున్నవాళ్ళు తడి చేతులతోనే వచ్చి నిలబడ్డారు. ఇమాంబమ్మ తొడ మీద తాళం వేస్తూ, శబ్దం లేని పెదాలతో చివరి చరణం దాకా పాడింది. ఒక్క మాట తప్పలేదు.

దస్తగిరి ఇంకా గిన్నె పట్టుకునే ఉన్నాడు.

"తాగరా" అన్నాడు తాత. "అది మొదటి పిలుపుకే లేస్తాంది. మళ్ళా పడుకోమనేది నువ్వే."