పిండిమర బోల్టు

దస్తగిరికి పొద్దుటి నుంచి మనసు మనసులో లేదు. తాను అన్న మాటలో తప్పెక్కడుందో అతనికి తెలియడం లేదు. తప్పే లేకపోతే ఈ గుబులు ఎందుకో అసలే తెలియడం లేదు.

అతని గురువు వలీ సాబు. ఎర్రగుట్ట కింద ఉంటాడు. మంచి మాట కోసం, దువా చదివించుకోవడం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. సాబు మాత్రం ఎవరి దగ్గరా కానుక ముట్టడు. ఒకప్పుడు రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసిన మనిషి. తన రెక్కల కష్టం తానే తినాలని ఒక పాత పిండిమర పెట్టుకున్నాడు. శిష్యులు ఇద్దరే, దస్తగిరీ ఓబులేసూ. ఏ దేవుడికి మొక్కుతారని సాబు వాళ్లను అడగలేదు. పిండి దుమ్ములో నిలబడగలరా అని అడిగాడు. ఏడేళ్లుగా ఇద్దరూ ఒకే కంచంలో తిని ఒకే చాప మీద పడుకున్నారు.

ఆ పొద్దున, అరిగిన మర రాళ్లకు మళ్లీ గాట్లు కొట్టే పని పెట్టుకున్నారు. దానికి ముందు పై రాతిని పట్టి ఉంచే పొడుగాటి బోల్టును బయటికి తీయాలి. ఓబులేసు నట్టు ఊడదీశాడు. బోల్టు తుప్పుపట్టి ఉంది, కదల్లేదు. బయట జొన్నల మూటలతో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. తొందరలో చేతికందిన సుత్తితో బోల్టు కొస మీద నాలుగు దెబ్బలు వేశాడు. బోల్టు ఊడి వచ్చింది. కానీ కొస పుట్టగొడుగులా చదునైపోయి, నట్టు ఎక్కే మర చుట్లలో మొదటి మూడు నలిగిపోయాయి. ఇక నట్టు ఎక్కదు.

దస్తగిరి అది చూశాడు. ఇక నోటికి అడ్డు లేకుండా పోయింది.

“నట్టును కొస దాకా తిప్పి పెట్టి కొట్టాల, దెబ్బ నట్టు తినాల, మర చుట్లు గాదు అని నీకు ఎన్ని తూర్లు చెప్పినా? ఏడేండ్లాయ! నీకు ఈ చోటు తగదు. పో, పోయి గొర్రెలు కాసుకో.”

ఓబులేసు గొర్రెలు కాసిన ఇంటి నుంచే వచ్చినవాడు. మూటల పక్కన కూర్చున్న ఆడవాళ్లందరూ తలలెత్తి చూశారు. ఓబులేసు సుత్తి కింద పెట్టాడు, మూట కట్టుకున్నాడు, బస్సు ఆగే చోటికి నడిచాడు. బస్సు పదకొండింటికి.

దస్తగిరి బోల్టు తీసుకుని సాబు దగ్గరికి వెళ్లాడు.

“ఇది చెడిపోయింది సాబూ. పారేసి కొత్తది తెద్దాము.”

“ఈ కొలత బోల్టు ఇప్పుడు యాడా దొరకదు నాయినా.”

దస్తగిరి బోల్టును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. “ఓబులేసును నేనే పొమ్మన్నా. నేనన్నది నిజమే గదా సాబూ?”

సాబు గోడకు వేలాడుతున్న గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఇనుమును అరగదీసే ఒక ఆకురాయి తీశాడు. మామూలు ఆకురాయి కాదది. నలుచదరపు ఉక్కు కమ్మీకి దువ్వెనలా పళ్లుంటాయి. ఆ పళ్లు బోల్టు మర చుట్ల మధ్య సరిగ్గా కూర్చుంటాయి.

“చక్కజెయ్యి,” అన్నాడు.

దస్తగిరి బోల్టును బల్ల మీది వైసు దవడల మధ్య బిగించాడు. ఉబ్బిన కొసను మామూలు ఆకురాయితో అరగదీశాడు. తర్వాత పళ్ల ఆకురాయిని తిన్నగా నలిగిన చుట్ల మీదే పెట్టాడు. చెడింది అక్కడైతే ఇంకెక్కడ పెడతాడు? చేతిలో ఇంకా కోపముంది, దాన్నంతా ఆకురాయి మీద వేసి తోశాడు. ఆకురాయి పక్కకు జారింది. పాత చుట్టుకు అడ్డంగా కొత్త గీత పడింది. నట్టు పెట్టి చూస్తే అర చుట్టు తిరిగి వంకరగా పట్టేసింది. పానా అందుకుని బలవంతంగా తిప్పబోయాడు.

“ఆగు,” అన్నాడు సాబు.

ఆయన లేచి వచ్చి నట్టును మెల్లగా వెనక్కి తిప్పి తీశాడు.

“చెడిన చుట్లు ఎన్ని?”

“మూడు.”

“బాగుండేటివి?”

దస్తగిరి గోటితో లెక్కపెట్టాడు. “నలభై పైన్నే ఉండాయి సాబూ.”

సాబు ఆకురాయిని కొస నుంచి వెనక్కి జరిపి, బాగున్న చుట్లలో పళ్లు కూర్చోబెట్టాడు. ముందు పళ్లు రెండు మాత్రమే నలిగిన చోటును తాకుతున్నాయి. బరువు వేయకుండా ఒకసారి తోశాడు. బోల్టును కొంచెం తిప్పి మళ్లీ తోశాడు. సన్నటి ఇనుప పొడి రాలింది. వెనక పళ్లు బాగున్న చుట్లలో నడుస్తుంటే ముందు పళ్లు పక్కకు పోవడానికి లేకుండా పోయింది. మూసుకుపోయిన చుట్టు కొద్దికొద్దిగా తెరుచుకుంది.

“నువ్వు తోయొద్దు. బాగుండేదే దోవ జూపిస్తాది,” అని ఆకురాయి దస్తగిరి చేతికిచ్చాడు.

దస్తగిరి అలాగే చేశాడు. అవతల సాబు మర రాళ్లకు గాట్లు కొడుతున్నాడు. చేస్తూ చేస్తూ ఉంటే చేతిలోని కోపం ఎప్పుడు పోయిందో అతనికే తెలియలేదు. చివరికి నట్టును రెండు వేళ్లతో తిప్పితే సులువుగా ఎక్కి లోపలిదాకా పోయింది.

అతను ఆకురాయి వైపు చూస్తూ ఉండిపోయాడు. దూరంగా గుట్ట మలుపులో బస్సు హారను వినిపించింది. ఆకురాయిని బల్ల మీద పడేసి పరుగెత్తాడు.

ఓబులేసు మూట భుజాన వేసుకుని రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. దస్తగిరిని చూసి మొహం తిప్పుకున్నాడు. ‘తప్పు నీదే అయినా నేను అట్లా అనగూడదు’ అని చెప్పాలని దస్తగిరి దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. తీరా ఎదురుగా నిలబడ్డాక ఆ మాట వదిలేశాడు.

“మా అమ్మ పోయినప్పుడు గోరీ తవ్వింది నువ్వు,” అన్నాడు, రొప్పుతూ. “రాతి నేల. నీ చేతులు బొబ్బలెక్కినాయి. ఆ చేతుల్తోనే ఆ రాత్రి నాకు అన్నం కలిపి పెట్టినావు.”

బస్సు వచ్చి ఆగింది. “ఎక్కుతావా లేదాప్పా?” అని కండక్టరు కేకేశాడు.

ఓబులేసు మూటను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

“అప్పుడు గూడ తిట్టినావు నన్ను. గుంత వంకరగా తవ్వినానని.”

“తిట్టినా,” అన్నాడు దస్తగిరి. నడిరోడ్డు మీద చిన్నపిల్లవాడిలా ఏడ్చేశాడు.

బస్సు వెళ్లిపోయింది.

ఇద్దరూ వచ్చేసరికి సాబు గాట్ల పని ముగించి, ఒక్కడే బోల్టును దాని చోట దించుతున్నాడు. బయట ఆడవాళ్లు మూటలు విప్పుకుంటున్నారు. ఓబులేసు మూట మూలన పెట్టి, గబగబా వెళ్లి రెండో పక్క పట్టుకున్నాడు.

“దేన్నైనా కొట్టక తప్పకపోతే నట్టు ఎక్కించి కొట్టాల,” అన్నాడు సాబు.

“సరే సాబూ,” అన్నాడు ఓబులేసు, సిగ్గుపడుతూ.

సాబు చూస్తున్నది మాత్రం దస్తగిరి వైపు.